తగ్గకూడని లెక్క తగ్గిన రోజు

అక్టోబరు, ఆదివారం. హనుమకొండ.

ఈ ఉదయం అయిదున్నరకే మెలకువ వచ్చింది. దసరా సెలవులు ముగిసి కళాశాల మళ్లీ మొదలైన తర్వాత నాకు పూర్తిగా మిగిలేది ఆదివారం ఒక్కటే కనుక, వారమంతా పక్కన పెట్టిన బగ్ నివేదికలను ఆ రోజే తెరవడం అలవాటైపోయింది. నేను చూసుకునే సాధనం చాలా చిన్నది. లినక్స్ నడిచే యంత్రంలో ప్రాసెసర్ ఎంతసేపు పనిచేసింది, ఎంతసేపు ఖాళీగా ఉంది, డిస్కు నుంచి ఎంత చదివింది, డిస్కుకు ఎంత రాసింది, మెమరీ ఎంత మిగిలింది అన్న లెక్కలను సెకనుకొకసారి, అక్షరాలు మాత్రమే కనిపించే టెర్మినల్ తెర మీద వరుసలుగా చూపిస్తుంది. 1986 నాటి 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంలో వచ్చిన సిస్టాట్ వంటి పాత పనిముట్ల వంశానికి చెందినదే తప్ప, రంగుల గ్రాఫులు గీసే కొత్త తరం సరుకు కాదు. దీన్ని మొదట రాసింది నేను కాదు. రాసినాయన ఇక తీరిక లేదని చెప్పినప్పుడు, నాలుగేళ్ల క్రితం నేనూ మరో ఇద్దరమూ భుజాన వేసుకున్నాము. అప్పటి నుంచి కొత్తగా చేర్చినదానికంటే, ఉన్న అంకెలు తప్పు చెప్పకుండా కాపలా కాసిందే ఎక్కువ.

మొదటి రెండు నివేదికలు చాయ్ చల్లారేలోపే ముగిశాయి. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నా లోడ్ సగటు ఎనిమిది చూపుతోందని ఒకరు రాశారు. లినక్స్‌లో ఆ సగటు ప్రాసెసర్ కోసం వరుసలో నిలబడిన పనులను మాత్రమే లెక్కించదు, డిస్కు కోసం మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో ఉన్న పనులను కూడా కలుపుకుంటుంది కనుక, అది మా తప్పు కాదని, ముందుగా డిస్కును చూసుకోమని జవాబిచ్చాను. సాధనాన్ని నడపగానే వచ్చే మొదటి వరుస మిగిలినవాటితో పొంతన లేకుండా ఉందన్నది రెండో నివేదిక. ఆ మొదటి వరుస యంత్రం ఆన్ అయినప్పటి నుంచి ఇప్పటివరకు ఉన్న సగటు. ఇలాంటి పనే చేసే వీఎంస్టాట్ అనే పాత సాధనం కూడా అలాగే చూపుతుంది, మా ల్యాబులో ప్రతి ఏడూ విద్యార్థులు ఇదే అడుగుతారు. ఇంతమంది ఇన్నేళ్లుగా ఒకే చోట తడబడుతున్నారంటే దోషం చదివేవారిది కాకపోవచ్చునని నా అనుమానం. అయినా మా అంకెలను చదువుకునే పాత స్క్రిప్టులన్నీ, అంటే చిన్న ప్రోగ్రాములన్నీ, ఆ మొదటి వరుసను పారేసి రెండో వరుస నుంచి చదివేటట్టు రాసి ఉంటాయి కాబట్టి, దాన్ని కదిలించే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేదు.

మూడో నివేదిక మాత్రం రోజంతా తినేసింది. శాతాలకు బదులు ముడి తేడాలను చూపించే తెర ఒకటి మా సాధనంలో ఉంది. ఆ తెర మీద, డిస్కు కోసం నిరీక్షించిన సమయాన్ని చూపే ఐవోవెయిట్ గడిలో 18446744073709551613 అన్న అంకె కనిపించిందని, ఆ దెబ్బకు పక్కనున్న గడులన్నీ తెర అవతలికి పోయాయని ఒకరు ఫోటో జత చేసి పంపారు. ఇలాంటి అంకెను చూడగానే ఈ పని చేసేవారికి జబ్బు ఏమిటో సగం తెలిసిపోతుంది. రెండును అరవై నాలుగు సార్లు హెచ్చవేస్తే 18446744073709551616 వస్తుంది. కనిపించిన అంకె అంతకు మూడు తక్కువ. అంటే ఎక్కడో మూడు ఎక్కువున్న సంఖ్యను తీసివేయగా మైనస్ మూడు రావాల్సి ఉండగా, మైనస్ గుర్తు పట్టని 64 బిట్ల పెట్టెలో దాన్ని కుక్కడం వల్ల అది చక్రం తిరిగి కొండంత సంఖ్యగా బయటపడిందన్నమాట.

అయితే తీసివేతలో పెద్దది కింద ఎందుకు పడిందన్నదే అసలు ప్రశ్న. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఈ లెక్కలను ప్రాక్ అనే కల్పిత ఫైల్ వ్యవస్థలోని స్టాట్ అనే ఫైలులో అందిస్తుంది. ఇప్పటి కెర్నళ్లలో ప్రాసెసర్ వరుసకు పది సంఖ్యలు ఉంటాయి, చాలా యంత్రాలలో ఒక్కో టిక్కు, అంటే ఆ సంఖ్యలో ఒకటి, సెకనులో నూరో వంతుకు సమానం. అవన్నీ యంత్రం ఆన్ అయినప్పటి నుంచి పోగవుతూ వచ్చే సంఖ్యలే కాబట్టి, ఈ క్షణపు సంఖ్య నుంచి కిందటి క్షణపు సంఖ్యను తీసివేసి చూపించడమే మాలాంటి సాధనాలన్నీ చేసే పని. పోగయ్యే సంఖ్య తగ్గదు అన్న నమ్మకం మీదనే ఈ కట్టడమంతా నిలబడి ఉంది. ఐవోవెయిట్ ఆ నమ్మకాన్ని అప్పుడప్పుడు వమ్ము చేస్తుంది. నిజానికి డిస్కు కోసం నిరీక్షించేది ప్రాసెసర్ కాదు, ఒక పని. ఆ పని నిద్రలో ఉన్నప్పుడు ఏ ప్రాసెసర్ మీదా నడవదు కనుక, దాని నిరీక్షణను బహుళ కోర్‌ల యంత్రంలో ఏ ఒక్క కోర్ ఖాతాలోనో కచ్చితంగా రాయడం సాధ్యం కాదు. కొన్ని సందర్భాలలో ఈ సంఖ్య తగ్గవచ్చునని కెర్నల్ పత్రాలలోనే స్పష్టంగా రాసి ఉంది. నేను ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివాను. చదివి కూడా మా కోడ్‌లో ఆ తీసివేత దగ్గర కాపలా పెట్టలేదన్నది ఈ ఉదయమే తెలిసింది. శాతాల తెరకు కాపలా ఉంది, ముడి తేడాల తెరకు లేదు.

మా ముగ్గురిలో ఒకరు రాత్రే ప్యాచ్, అంటే కోడ్ సవరణ, పంపి ఉంచారు. కొత్త సంఖ్య పాతదానికంటే తక్కువైతే తేడాను సున్నాగా చూపించాలన్నదే అందులోని సారాంశం. మూడు వరుసల మార్పు, చదవడానికి ముచ్చటగా ఉంది, శాతాల తెరలో చేసేదీ అదే. నాకు మాత్రం సున్నా మింగుడుపడలేదు. సున్నా అంటే కొలిచాము, ఏమీ లేదని తేలిందని అర్థం. ఇక్కడ జరిగింది కొలవలేకపోవడం. ఆ గడిలో చిన్న గీత పెడితే చాలునని రాశాను. గీతను చూసి పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టులు కూలిపోతాయని వెంటనే జవాబు వచ్చింది. అదీ నిజమే. అంకెగా మార్చబోయి గీత ఎదురైతే పైథాన్ తప్పు చూపి ఆగిపోతుంది, ఆక్ అనే పాత స్క్రిప్టు భాష అయితే దాన్ని చడీచప్పుడు లేకుండా సున్నాగా తీసుకుని ముందుకు సాగుతుంది.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ బలహీనపడి ఉన్నందున రౌటర్ ఒక్కటే నిలిచింది, పరీక్షలకు వాడే పాత డెస్క్‌టాప్ ఆరిపోయింది. 32 బిట్ల పెట్టెలో సెకనుకు నూరు చొప్పున లెక్కిస్తూ పోతే 497 రోజులకు ఆ పెట్టె నిండి మళ్లీ సున్నాకు వస్తుందని, పాత యంత్రాలలో దాన్ని పరీక్షించాలని మా పనుల జాబితాలో ఎప్పటి నుంచో ఒక వాక్యం ఉంది. మా వీధిలో ఏ యంత్రమూ 497 రోజులు ఆగకుండా నడిచిన పుణ్యం కట్టుకోలేదు కాబట్టి, ఆ వాక్యం అలాగే ఉండిపోయింది.

కరెంటు లేని ఆ గంటన్నరలో ల్యాప్‌టాప్ మీద మరో చిన్న నివేదికను ముందేసుకున్నాను. ఇది నాకు ఇష్టమైన తెలుగు తలనొప్పి. పత్తి కొనుగోళ్ల లెక్కలు ఉంచుకునే డిస్కును 'పత్తి' అన్న పేరుగల ఫోల్డరుకు తగిలించుకున్న ఒక మిత్రుడు, మా సాధనంలో ఆ ఒక్క వరుస మాత్రమే ఎడమకు ఒరిగిపోతోందని చాలాకాలంగా చెబుతున్నాడు. కంటికి పత్తి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ప, త, పొల్లు, త, గుడి కలిపి అయిదు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున పదిహేను బైట్లు. తెర మీద ఎన్ని గడులు పడతాయని సీ లైబ్రరీలోని డబ్ల్యూసీవిడ్త్ ఫంక్షన్‌ను అడిగితే, పొల్లుకూ గుడికీ సున్నా ఇచ్చి మొత్తం మూడు అంటుంది. పేరుకు పదహారు గడులు కేటాయించమని మా పాత కోడ్, తెర మీద రాసే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌ను అడుగుతోంది. ప్రింట్‌ఎఫ్ బైట్లను లెక్కబెట్టి, పదిహేను నిండాయి కదా అని ఒక్క ఖాళీ మాత్రమే చేర్చి చేతులు దులుపుకుంటోంది. పదహారు గడుల స్థలంలో మూడు, ఒకటి కలిపి నాలుగే నిండడం వల్ల తర్వాతి అంకెలన్నీ పన్నెండు గడులు ఎడమకు జరిగి కూర్చుంటున్నాయి. బైట్లకు బదులు డబ్ల్యూసీవిడ్త్ మాట విని ఖాళీలు చేర్చేలా మార్చాను. ఇప్పుడు వరుస నిలబడింది. అయితే ఇది టెర్మినల్ కూడా అదే లెక్క పాటించినప్పుడే నిలబడుతుంది. నా దగ్గరున్న మరో టెర్మినల్‌లో తవత్తు కింద అతుక్కోకుండా త పక్కనే పొల్లుతో సహా విడిగా కనిపిస్తోంది. దానికి మా సాధనంలో మందు లేదు. ఇంగ్లీషు పేరు పెట్టుకోమని ఆ మిత్రుడికి చెప్పడం మాత్రం నాకు చేతకాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బాపు అడిగాడు. "ఏం బిడ్డా, పొద్దుగాల్నుంచి ఆ డబ్బ ముంగట్నే కూసున్నవ్, ఏం తెగుతలేదా?" ఆయన ముప్పై ఏళ్లు ఒక జిన్నింగు మిల్లులో ధర్మకాంటా దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. ఏనుమాముల మార్కెట్టు దిక్కు నుంచి వచ్చే పత్తి ట్రాక్టర్లను నిండుగా ఒకసారి, దించిన తర్వాత ఖాళీగా మరోసారి తూచి, ఆ రెండింటి తేడాను చిట్టీ మీద రాయడమే ఆయన పని. కాబట్టి నా గొడవ చెప్పడానికి పెద్దగా కష్టపడాల్సిన అవసరం రాలేదు. ఒక లెక్క పెరుగుతూనే ఉండాలి బాపూ, అది తగ్గినట్టు చూపిస్తోంది, ఆ గడిలో సున్నా రాయాలా, గీత పెట్టాలా అని అడిగాను.

"ఎంత తగ్గింది?"

"మూడు."

"మూడు కిలోలకు బండి ఆపుతరా ఎవరన్నా? నిలబడ్డ బండికి డీజిల్ కాలదా? రాసి పంపియ్."

గీతకే ఓటు వేస్తాడనుకున్న నాకు ఇది ఎదురుదెబ్బ. అన్నం కలుపుతూ ఇంకొంచెంసేపు ఆలోచించి, ఆయనే మళ్లీ అందుకున్నాడు. ఒకసారి ఒక ట్రాక్టరు నిండు చిట్టీకి మరో ట్రాక్టరు ఖాళీ చిట్టీ జతపడి, సరుకు తూకం మైనస్‌లోకి పోయిందట. అప్పుడు మాత్రం అంకె ఏదీ రాయకుండా అడ్డంగా గీత కొట్టి బండిని పక్కకు పెట్టించి, రైతును పిలిచి మళ్లీ తూచారట. "అది తేడా కాదు బిడ్డా, బండే వేరు. దానికి సున్న రాస్తే రైతు నోట్ల మట్టి గొట్టినట్టే."

కాంటాతో పోలిక అన్నిచోట్లా కుదరదు. ట్రాక్టరులో డీజిల్ తగ్గడం సహజం, పోగయ్యే లెక్క తగ్గడం సహజం కాదు. అయినా నేనూ నా సహచరుడూ ఉదయం నుంచి ఒకటిగా కలిపి వాదించుకుంటున్నవి నిజానికి రెండు వేర్వేరు సంగతులని ఆయన మాటతోనే తట్టింది. ఐవోవెయిట్‌లో మూడు టిక్కులు తగ్గడమంటే సెకనులో నూట్లో మూడు వంతుల సర్దుబాటు. దాన్ని సున్నాగా చూపినా ఎవరికీ నష్టం లేదు. బండే వేరైన సందర్భం మాకు డిస్కుల తెరలో వస్తుంది. ఒక పెన్ డ్రైవును తీసి మరొకటి పెట్టినప్పుడు, కొత్తదానికి కూడా ఎస్‌డీబీ అన్న పాత పేరే దక్కవచ్చు. దాని లెక్కలు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. పాతదానిలో చదివిన సెక్టర్లు, అంటే డిస్కు ముక్కలు, లక్షలు, కొత్తదానిలో వందలు. ఇక్కడ సున్నా చూపితే, కొత్త డ్రైవు నుంచి చకచకా చదువుతున్న ఆ క్షణంలో ఏమీ చదవడం లేదని బొంకినట్టవుతుంది. ఇక్కడ గీతే న్యాయం, అదీ ఒక్క క్షణానికే. తర్వాతి క్షణానికి పోల్చడానికి సరైన పాత సంఖ్య చేతికి వస్తుంది.

సాయంత్రం వరకు దీన్నే రాశాను. ఒక సెకనుకు సరిపడా టిక్కుల లోపు ఐవోవెయిట్ వెనక్కి తగ్గితే సున్నా, అంతకుమించి తగ్గినా, డిస్కు లెక్క ఏ కాస్త తగ్గినా గీత. స్క్రిప్టుల కోసం ఇచ్చే బ్యాచ్ రూపంలో మాత్రం గీతకు బదులు గడిని ఖాళీగా ఉంచుదామని సహచరుడు అడిగాడు. ఆ రూపంలో గడుల మధ్య కామాలు ఉంటాయి కనుక ఖాళీ గడి వరుసను చెడగొట్టదు. ఒప్పుకున్నాను. ఆ చేతితోనే డిస్కు లెక్కల ఫైలును చదివే భాగాన్ని కూడా చూశాను. కెర్నల్ 4.18 వెర్షన్‌లో ఆ ఫైలుకు నాలుగు గడులు, 5.5లో మరో రెండు చేరాయి. కచ్చితంగా పాత పద్నాలుగు గడులే ఉండాలని పట్టుబట్టే పాత పరీక్ష ఒకటి ఇంకా ఒక మూల మిగిలి ఉంటే తీసేశాను. వర్చువల్ యంత్రాలకు ఖర్చయ్యే గెస్ట్ సమయాన్ని మొత్తంలో విడిగా కూడుతున్నామేమోనని కూడా సరిచూశాను. అది ముందే యూజర్ సమయంలో కలిసి ఉంటుంది కనుక మళ్లీ కూడితే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఆ తప్పు మా కోడ్‌లో లేదు. ముందటాయన జాగ్రత్తపరుడు.

ఆరు దాటాక బాపుతో కలిసి భద్రకాళి చెరువు కట్ట దాకా నడిచి వచ్చాను. దారిలో ఆయన ఆ గీత సంగతి మళ్లీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఏటి పత్తి తేమ గురించే మాట్లాడుకున్నాము.

రాత్రి మాన్యువల్ పేజీలో రెండు వాక్యాలు చేర్చాను. గడిలో గీత కనిపిస్తే ఆ క్షణానికి కొలత అందలేదని అర్థమనీ, ఐవోవెయిట్‌ను ఉరామరి సూచికగా తప్ప కచ్చితమైన కొలతగా తీసుకోవద్దనీ రాశాను. కోడ్ కంటే ఆ రెండు వాక్యాలకే ఎక్కువ సమయం పట్టింది. మార్పులను ఇద్దరికీ పంపి, పాత డెస్క్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేసి, దాని డిస్కును అదేపనిగా చదివించే ఒక ఆదేశాన్ని నడుస్తుండగా వదిలాను. పక్క కిటికీలో మా సాధనం అరసెకనుకొకసారి లెక్క తీస్తోంది. అంత వేగంగా తీస్తే దాని సొంత ఖర్చు కూడా ఆ లెక్కలో కనబడుతుంది, కాంటా మీద కాలు పెట్టి తూచినట్టే ఉంటుంది, కానీ ఈ రాత్రికి నాకు కావలసింది తగ్గిన ఒక్క సంఖ్య మాత్రమే. పదకొండు గంటల వరకు కూర్చున్నాను. ఐవోవెయిట్ పెరుగుతూనే ఉంది, ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. తెర ఆపి, యంత్రాన్ని మాత్రం ఆపకుండా, ఫలితాలు ఫైలులో పడేటట్టు పెట్టి పడుకోబోతున్నాను. తెల్లారేదాకా కరెంటు ఉండాలి.