పరుగు లేకుండా దూకే దేశం: నార్వే జిమ్నాస్టిక్స్, అథ్లెటిక్స్ క్లబ్బుల చరిత్ర

నిలబడ్డ చోటు నుంచే, పరుగు లేకుండా, రెండు కాళ్లూ కలిపి దూకే లాంగ్ జంప్ 1912 తర్వాత ఒలింపిక్స్‌లో లేదు. నార్వే మాత్రం దాన్ని వదల్లేదు. స్టాండింగ్ లాంగ్ జంప్‌కూ, స్టాండింగ్ హై జంప్‌కూ అక్కడ జాతీయ ఛాంపియన్‌షిప్ ఇప్పటికీ ఉంది. ఒలింపిక్స్‌లో ఈ అంశాన్ని ఏలిన అమెరికన్ రే యూరీ 1904లో 3.47 మీటర్లు దూకాడు. నార్వేకు చెందిన యొహాన్ క్రిస్టియాన్ ఎవాంట్ 1962లో 3.65కి వెళ్లాడు. ఆర్నె ట్వెర్వోగ్ 1968లో 3.71 దూకాడు. మహిళల్లో అన్నెలిన్ మన్నెస్ 1981లో 2.92 దూకింది. ప్రపంచం మర్చిపోయిన అంశంలో ఒక చిన్న దేశం ఇంత ముందుండటం ఊరికే జరగలేదు. ఆ దేశంలో అథ్లెటిక్స్ చాలాకాలం జిమ్నాస్టిక్స్ హాలు నీడలో పెరిగింది. క్లబ్బుల చరిత్రను ఆ హాలు వైపు నుంచి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది.

మొదలు 1855. ఇప్పటి ఓస్లోను అప్పుడు క్రిస్టియానియా అనేవారు. ఆ ఏడాది అక్కడ పుట్టిన క్రిస్టియానియా టుర్న్‌ఫొరేనింగ్ నార్వేలోకెల్లా పాత జిమ్నాస్టిక్స్ క్లబ్బు. ఇప్పుడు దాని పేరు ఓస్లో టుర్న్‌ఫొరేనింగ్. మూడేళ్లకు, 1858లో, ట్రోండ్‌హైమ్‌లోనూ ఒకటి వచ్చింది. వీటికి నమూనా జర్మనీ. ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిన్ శివార్లలోని హాసెన్‌హైడెలో ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. పారలల్ బార్స్, హారిజాంటల్ బార్, పామెల్ హార్స్, ఎక్కడానికి తాళ్లు, ఇదంతా ఆ సంప్రదాయం. అదే కాలంలో స్వీడన్‌లో పేర్ హెన్రిక్ లింగ్ వేరే దారి పట్టాడు. 1813లో స్టాక్‌హోమ్‌లో అతను పెట్టిన సంస్థలో పరికరం కన్నా భంగిమ ముఖ్యం. శిక్షకుడు ఆజ్ఞ ఇస్తాడు, అందరూ ఒకేసారి కదులుతారు, వెన్ను నిటారుగా ఉండాలి, ఊపిరి లెక్కగా తీసుకోవాలి. గోడకు బిగించిన చెక్క నిచ్చెనల్లాంటి వాల్ బార్స్ ఆ బడి ఆనవాలు.

నార్వే క్లబ్బులు ఈ రెంటిలో ఏదో ఒకదానికి కట్టుబడిపోలేదు. సాయంత్రం శిక్షణలో మొదట ఆజ్ఞల మీద సామూహిక వ్యాయామం, ఆ తర్వాత జట్లుగా విడిపోయి పరికరాల దగ్గరకు వెళ్లడం. ఒక్కో జట్టుకు ఒక నాయకుడు. ముందు అతను చేసి చూపిస్తాడు, మిగతావాళ్లు వరసలో వచ్చి చేస్తారు, కాసేపటికి జట్లు పరికరాలు మార్చుకుంటాయి. ఈ పద్ధతి బలహీనత ఎక్కడుందో కొంచెం లెక్క వేస్తే తెలుస్తుంది. ఒకే జత రింగుల దగ్గర ఎనిమిదిమంది నిలబడి ఒక్కొక్కరు నిమిషం తీసుకుంటే, ప్రతివాడూ ఒక నిమిషం పనిచేసి ఏడు నిమిషాలు చల్లబడతాడు. అందుకే నాయకుడు జట్టును చిన్నదిగా ఉంచాలి, లేదా వరసలో ఉన్నవాళ్లకు వాల్ బార్స్ దగ్గర పక్క పని చెప్పాలి. స్వీడన్ పద్ధతీ జర్మన్ పద్ధతీ ఒకే హాల్లో ఇమిడిపోవడానికి సిద్ధాంతంకన్నా ఈ అవసరమే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం.

1861లో శారీరక వ్యాయామాన్నీ ఆయుధ శిక్షణనూ వ్యాప్తి చేయడానికి జాతీయ స్థాయిలో ఒక కేంద్ర సంఘం ఏర్పడింది. అప్పటికి నార్వే, స్వీడన్ ఒకే రాజు కింద ఉన్నాయి. దృఢమైన శరీరం, తుపాకీ గురి దేశ రక్షణలో భాగం. 1870లో రాజధానిలో జిమ్నాస్టిక్స్ కేంద్ర పాఠశాల వచ్చింది. నేటి నార్వే క్రీడా విశ్వవిద్యాలయం తన మొదలును అక్కడే చూపుతుంది.

దూకడం అప్పుడూ ఉంది. కానీ జర్మన్ తరహా జిమ్నాస్టిక్స్‌లో తాడు మీదుగా దూకేటప్పుడు స్ప్రింగ్‌బోర్డ్ వాడేవారు. ఎంత ఎత్తు అన్న దానికన్నా ఎలా ఎగిరాడు, ఎలా దిగాడు, కాళ్లు కలిసి ఉన్నాయా అన్నదే గొప్ప. ఇంగ్లండ్ నుంచి వచ్చిన అథ్లెటిక్స్‌కు ఇవేవీ పట్టవు. దానికి కొలత టేపు, స్టాప్‌వాచ్ చాలు. కాళ్లు వంకరగా పోయినా ఫరవాలేదు, బార్ పడకపోతే సరి. ఒకే క్లబ్బులో ఈ రెండు చూపులూ ఇమడటం కష్టమైంది. పోర్స్‌గ్రున్‌లో ఉరెద్ అనే క్రీడా సంఘం 1880లో వచ్చింది. రాజధానిలో అథ్లెటిక్స్ క్లబ్బు చాల్వె 1890 మే 19న పుట్టింది. అదే 1890లో జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఏర్పడింది. 1896 మే 1న అథ్లెటిక్స్‌కు సొంత జాతీయ సంఘం వచ్చింది. ఆరేళ్ల తేడాలో రెండూ వేర్వేరు ఇళ్లయ్యాయి.

ఊళ్లలో మాత్రం ఇంత శుభ్రంగా విడిపోలేదు. చిన్న పట్టణంలో అవే కుర్రాళ్లు శీతాకాలం హాల్లో బార్ మీద, మే నుంచి సెప్టెంబర్ దాకా మైదానంలో. క్లబ్బు లోపల ముందు ఒక అథ్లెటిక్స్ విభాగం మొదలవుతుంది, తర్వాత దానికి సొంత నాయకత్వం, సొంత డబ్బు పెట్టె. హాలు అద్దెకు మైదానంవాళ్లు ఎందుకు కట్టాలన్న ప్రశ్న వచ్చిననాడు విభాగం క్లబ్బవుతుంది. ఆ ప్రశ్న సర్దుబాటైన చోట రెండు పనుల పేర్లూ కలిపి ఒకే సంఘం కొనసాగుతుంది.

రెండు పద్ధతులూ కలిపి నేర్చుకున్నందుకు ఫలితం 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కనిపించింది. అక్కడ జట్టు జిమ్నాస్టిక్స్‌కు మూడు పోటీలు పెట్టారు. స్వీడన్ పద్ధతిలో నార్వేకు కాంస్యం, స్వీడన్‌కు స్వర్ణం. వ్యాయామాలను జట్టే ఎంచుకునే స్వేచ్ఛా పద్ధతిలో 24 మంది నార్వే జట్టుకు స్వర్ణం, ఫిన్లండ్‌కు రజతం, డెన్మార్క్‌కు కాంస్యం. అంతకుముందు 1908 లండన్‌లో జట్టుకు రజతం వచ్చింది. 1920 ఆంట్‌వెర్ప్‌లో స్వేచ్ఛా పద్ధతిలో మళ్లీ రజతం. 1905లో స్వీడన్ నుంచి విడిపోయిన దేశానికి ఈ పతకాల విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. అథ్లెటిక్స్ వైపు 1920లోనే హెల్గె లవ్‌లాండ్ పది అంశాల పోటీ అయిన డెకథ్లాన్ గెలిచాడు. 1922లో ఓస్లోలో బిస్లెట్ స్టేడియం తెరుచుకుంది.

ఇక హాల్లో దూకడం దగ్గరకు వద్దాం. డిసెంబర్ చివరి వారాల్లో ఓస్లోలో పగటి వెలుతురు ఆరు గంటలు కూడా ఉండదు, ట్రాక్ మంచు కింద ఉంటుంది. బడి జిమ్నాస్టిక్స్ హాల్లో లాంగ్ జంప్‌కు కావాల్సిన పరుగుకు చోటు ఉండదు, ఇసుక గుంత అసలే ఉండదు. నాలుగు మీటర్ల మ్యాట్, ఒక గీత, ఒక టేపు ఉంటే స్టాండింగ్ జంప్ పోటీ పెట్టేయొచ్చు. అందుకే అది బతికింది.

చూడటానికి తేలిక. చేయడంలో మాత్రం చాలా ఉంది. పాదాలు నడుము వెడల్పున, కాలివేళ్లు గీత వెనక ఉండాలి. చేతులు పైకెత్తి మునివేళ్ల మీద లేవాలి. అక్కడి నుంచి చేతుల్ని కిందికీ వెనక్కీ విసురుతూ మోకాళ్లు వంచి, తుంటిని వెనక్కి నెట్టాలి. కింద ఆగకూడదు. దిగడం, లేవడం ఒకే ఊపులో జరగాలి. అడుగున అర సెకను ఆగితే సాగిన కండరంలో దాచుకున్న శక్తి పోతుంది. చేతులు ముందుకూ పైకీ వస్తూ ఒళ్లు ముందుకు ఒరిగాక కాళ్లు పూర్తిగా చాచుకోవాలి. ఒరగకముందే చాస్తే ఎత్తుకు లేస్తారు, దూరం రాదు. 45 డిగ్రీల కోణమే మంచిదనే బడి పాఠం ఇక్కడ పనికిరాదు. మనిషి కాళ్లు అంతకన్నా బాగా తక్కువ కోణంలోనే ఎక్కువ వేగం ఇవ్వగలవు, చాలామంది అవసరానికి మించి పైకే దూకుతారు. గాల్లో మోకాళ్లు ఛాతీ వైపు లాగి, చివర్లో మడమల్ని ముందుకు చాచాలి. నేల తాకగానే మోకాళ్లు మడిచి తుంటిని మడమల మీదుగా ముందుకు పోనివ్వాలి.

చేతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒక ప్రయోగశాల పరీక్షలో చేతులు కదపకుండా దూకినప్పుడు సగటు 1.72 మీటర్లు, చేతులు ఊపినప్పుడు 2.09. అంటే దాదాపు 21 శాతం తేడా. పిల్లలు మొదట పోగొట్టుకునేది ఇదే. కాళ్లు వదిలాక చేతులు ఊపుతారు, అప్పటికి ఊపుతో పనిలేదు.

ఫౌల్ ఎక్కువగా వచ్చేది ఒకే చోట. మడమలెత్తడం, వేళ్లెత్తడం, ముందుకూ వెనక్కూ ఊగడం చేయొచ్చు. పాదం పూర్తిగా నేల వదిలితే మాత్రం చెల్లదు. దూకే ముందు అలవాటుగా వేసే చిన్న గెంతు అందుకే కొంప ముంచుతుంది. ఇంకోటి మ్యాట్ జారడం. నున్నటి చెక్క నేల మీద మడమ తగలగానే మ్యాట్ ముందుకు పోతే మనిషి వెనక్కి పడతాడు, చెయ్యి వెనకాల ఆనుతుంది. కొలత ఎప్పుడూ గీతకు దగ్గరగా శరీరం తాకిన చోటు నుంచే కాబట్టి, మడమలు 2.60 దగ్గర దిగినా చెయ్యి 2.10 దగ్గర ఆనితే రాసేది 2.10. మ్యాట్ చివరను గోడకు ఆనించి పెట్టడమో, కింద రబ్బరు పరచడమో చేయాలి. టేపు సున్నా దిగిన గుర్తు దగ్గర పెట్టి, గీతకు లంబంగా లాగి గీత దగ్గర చదవాలి. సెంటీమీటరులో భాగం వస్తే కిందికే దిగాలి. ఇసుకలోలా మ్యాట్ మీద గుర్తు మిగలదు, కాబట్టి ఒక జడ్జి పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెనక మడమనే చూడాలి, ముందు మడమను కాదు.

హై జంప్‌లోనూ ఇదే తర్కం. బార్‌కు పక్కగా నిలబడి, రెండు పాదాలూ ఒకేసారి నేల వదలాలి, బార్ వైపు కాలు ముందు దాటుతుంది. ఆ కాలు తొందరపడి ముందే లేచిపోవడమే అక్కడి సాధారణ తప్పు.

ఈ క్లబ్బుల చరిత్రలో రెండు పెద్ద చీలికలున్నాయి. మొదటిది వర్గాలది. 1924లో కార్మికులు సొంత క్రీడా సమాఖ్య పెట్టుకున్నారు. ఒకే ఊళ్లో రెండు క్లబ్బులు, రెండు పోటీలు, రెండు ఛాంపియన్‌షిప్‌లు నడిచాయి. రెండోది ఆక్రమణ కాలంలో వచ్చింది. 1940లో జర్మన్లు వచ్చాక క్రీడల్ని కొత్త ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోబోతే క్రీడాకారులు అధికారిక పోటీలను బహిష్కరించారు, 1945లో విముక్తి వచ్చేదాకా పట్టు విడవలేదు. అడవుల్లో, మారుమూల చోట్ల రహస్యంగా పోటీలు పెట్టుకున్నారు. క్లబ్బుల ఫలితాల పుస్తకాల్లో ఆ ఏళ్లు ఖాళీగా కనబడితే అది నిర్లక్ష్యం కాదు, గర్వించాల్సిన ఖాళీ. ఈ కష్టంలోనే కార్మిక సమాఖ్య, పాత సమాఖ్య కలిశాయి. 1946లో ఒకే జాతీయ క్రీడా సమాఖ్య పూర్తి రూపం తీసుకుంది.

అదే 1946లో ప్రభుత్వ పందేల సంస్థ నోర్స్క్ టిప్పింగ్ ఏర్పడి, 1948లో పందేలు మొదలుపెట్టింది. దాని లాభాల్లోంచి వచ్చిన డబ్బు దేశమంతటా క్రీడా హాళ్లు లేపింది. 2009 నుంచి పందెం కాసేవారు తమ సొమ్ములో ఒక వాటా వెళ్లాల్సిన క్లబ్బును తామే ఎంచుకోవచ్చు. అది 5 శాతంతో మొదలై తర్వాత 7 శాతమైంది. మునిసిపల్ హాళ్లు వచ్చాక సొంత హాలు నిలబెట్టుకోవాల్సిన భారం తగ్గింది, కానీ జిమ్నాస్టిక్స్‌కు కొత్త చిక్కు వచ్చింది. హ్యాండ్‌బాల్ ఆడే హాల్లో ప్రతి సాయంత్రం పరికరాలు బయటికి లాగి, చివర్లో మళ్లీ లోపల పెట్టాలి. గంటన్నర సమయంలో చాలా భాగం అందులోనే పోతుంది. దుగ్నాద్ అనే ఊరుమ్మడి శ్రమదానంలో తల్లిదండ్రులు చేయందించకపోతే శిక్షణ సాగదు. పరికరాలు శాశ్వతంగా బిగించి, ఫోమ్ ముక్కల గుంత ఉన్న ప్రత్యేక హాలు కోసం క్లబ్బులు ఏళ్ల తరబడి పోరాడటం ఇందుకే. ఆ గుంతనూ వదిలేయడానికి లేదు. ఎక్కువమంది పడే చోట ముక్కలు అణిగి గట్టిపడతాయి, తరచూ కిందివి పైకి తిరగేయకపోతే కాళ్లు అడుగు తాకుతాయి.

ఆ పాత సామూహిక వ్యాయామానికి నేటి వారసుడు టీమ్‌జిమ్ అనే జట్టు జిమ్నాస్టిక్స్ పోటీ. నార్వేలో దాన్ని ట్రొప్ అంటారు. సీనియర్ జట్టులో 8 నుంచి 10 మంది, మూడు భాగాలు: ఫ్లోర్, టంబ్లింగ్ (పొడవాటి పట్టీ మీద వరస పల్టీలు), ట్రాంపెట్ (పరుగెత్తి వచ్చి ఎగరడానికి వాడే చిన్న ట్రాంపొలిన్). టంబ్లింగ్‌లోనూ ట్రాంపెట్‌లోనూ మూడేసి రౌండ్లు, రౌండ్‌కు ఆరుగురు. ముందువాడు పూర్తిగా దిగకముందే తర్వాతివాడు పరుగు మొదలుపెట్టాలి. ఆ ప్రవాహం తెగితే మార్కులు పోతాయి. మొదటి యూరప్ పోటీ 1996లో ఫిన్లండ్‌లోని యూవాస్కూలాలో జరిగింది.

కొలత టేపుకు మాత్రం నార్వే పిల్లల విషయంలో కళ్లెం వేసింది. 1987లో ఆమోదించి 2007లో సవరించిన బాలల క్రీడా నియమాల ప్రకారం 11 ఏళ్లు వచ్చే సంవత్సరానికి ముందు ర్యాంకుల పట్టిక ఉండదు, 13 వచ్చే సంవత్సరానికి ముందు జాతీయ ఛాంపియన్‌షిప్ ఉండదు. బహుమతి ఇస్తే 12 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఇవ్వాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఎంత దూకిందో కొలిచి చెప్పొచ్చు, ఎవరికన్నా వెనకబడిందో చెప్పకూడదు. నా దృష్టిలో ఇది మంచి నియమం.

ఏదైనా ఒక క్లబ్బు చరిత్ర తవ్వాలనుకునేవారు పేర్ల దగ్గర జాగ్రత్తపడాలి. రాజధాని పేరు క్రిస్టియానియా నుంచి 1925 జనవరి 1న ఓస్లో అయింది, మధ్యలో దాని స్పెల్లింగ్‌లో మొదటి Ch కాస్తా K అయింది. ఫ్రెడ్రిక్స్‌హాల్డ్ 1928లో హాల్డెన్ అయింది. ట్రోండ్‌హైమ్ క్లబ్బు ఇప్పటికీ పాత స్పెల్లింగే వాడుతోంది. ఒక్క పేరుతో వెతికితే సగం పత్రాలు దొరకవు. స్థాపన సంవత్సరాన్ని కూడా ఉన్నదున్నట్టు నమ్మేయకూడదు. రెండు క్లబ్బులు కలిసినప్పుడు పాత క్లబ్బు సంవత్సరాన్ని ఉంచుకోవడం మామూలే. పాతికేళ్లకు, యాభై ఏళ్లకు వేసిన ఉత్సవ సంచికల్లోని తేదీని ఆ కాలపు స్థానిక పత్రికతోనూ, వార్షిక నివేదికతోనూ సరిచూసుకున్నాకే రాసుకోవాలి.