ఆవగింజ లెక్క

మే నెలలో ఒక ఆదివారం. వెస్ట్ మాంబళంలో మా మేడ మీద పాత పంచె పరిచి ఆవాలు ఎండబోశాను. కోయంబేడు మార్కెట్లో కొన్న మామిడికాయలు కింద టబ్బులో నానుతున్నాయి. చెన్నై వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆవకాయ మాత్రం మా తెనాలి కొలతే: ఆవపిండి, కారం, ఉప్పు సమానం. (నువ్వుల నూనె విషయంలో మాత్రం ఈ ఊరికి దణ్ణం పెట్టాలి.)

కాకుల కాపలాకి కూర్చోబెట్టిన మనవరాలు నీట్ పుస్తకం తెచ్చుకుంది. "అమ్మమ్మా, రెండు జాతులు కలిస్తే పుట్టినవాటికి మళ్ళీ సంతానం ఉండదంటారు. మరి కొత్త జాతులు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

ఇరవై ఎనిమిదేళ్ళు బోటనీ చెప్పినదాన్ని. పాత నోట్సు నోటికొచ్చేసింది. కొండో సముద్రమో అడ్డం పడి ఒక జాతిని రెండు గుంపులుగా విడదీస్తుంది. వేల తరాలు ఎవరి దారి వారిది. మళ్ళీ ఎదురుపడేసరికి ఒకరి పిలుపు ఒకరికి తెలియదు, జత కట్టినా పిల్లలకి సంతానం కలగదు. ఉదాహరణ ఏటా ఒకటే, కంచర గాడిద. గుర్రానికి 64 క్రోమోజోములు (కణంలో వంశ లక్షణాల్ని మోసే పోగులు), గాడిదకి 62, పిల్లకి 63. జతలు సరిగా కుదరవు, కథ అక్కడితో ఆగిపోతుంది.

"ఆగిపోయేది చెప్పావు. పుట్టేది చెప్పు," అంది. అచ్చం వాళ్ళ తాత నోరే.

ఆవాలు చేత్తో తిరగేస్తున్నాను. అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ పిల్లల్ని డార్విన్ వెళ్ళిన గాలపాగస్ దీవుల దాకా తీసుకెళ్ళాను గానీ, పోపులపెట్టె మూత తీయలేదు.

మనం ఊరగాయలో వాడే ఈ ఆవ, వేల ఏళ్ళ కింద రెండు మొక్కలు కలిసి పుట్టినది. ఒకటి టర్నిప్ జాతి, 20 క్రోమోజోములు. రెండోది నల్ల ఆవ, 16. చెరిసగం ఇస్తే పిల్ల మొక్కకి 10, 8 కలిపి 18. ఏ ఒక్కదానికీ సరైన జోడీ లేదు, కాబట్టి పుప్పొడి తాలు. కంచర గాడిద గతే. కానీ మొక్కల్లో అప్పుడప్పుడు కణ విభజన పొరపడి క్రోమోజోములు సగానికి తగ్గకుండా మొత్తంగా వచ్చేస్తాయి. అలా 18 కాస్తా 36 అయింది. ఇప్పుడు ప్రతిదానికీ అచ్చం దానిలాంటి జోడీ ఉంది. విత్తనం కట్టింది.

అసలు తమాషా ఆ తర్వాతే. ఈ కొత్త మొక్క పోయి టర్నిప్ జాతితో కలిస్తే 18కి 10 చేరి 28. పది జతలు కుదురుతాయి, ఎనిమిది ఒంటరిగా మిగులుతాయి. పుట్టింటివారితో పొత్తు పూర్తిగా తెగిపోదు గానీ, విత్తనం పట్టడం బాగా కష్టమవుతుంది. కొండ లేదు, సముద్రం లేదు. కన్నవారి పక్క మడిలోనే ఉంటూ వేరు జాతి అయిపోయింది.

ఈ లెక్కని 1935లో త్రిభుజం గీసి చూపినాయన నాగహరు యు. తండ్రి కొరియా, తల్లి జపాన్. 1950లో కొరియా వెళ్ళి అక్కడ క్యాబేజీ, ముల్లంగి విత్తనాలు బాగుచేశాడు. వాళ్ళ ఊరగాయ కిమ్చీకి కావలసినవి అవే. ఆ కిమ్చీ క్యాబేజీ ఎవరనుకున్నారు? పైన చెప్పిన టర్నిప్ జాతే! వాళ్ళ ఊరగాయకీ మన ఊరగాయకీ చుట్టరికం ఉందని చెప్పగానే పిల్ల పుస్తకం మూసేసి ఫోన్‌లో కొరియన్ సీరియల్ పెట్టుకుంది. సరే, అంతవరకు విన్నదే ఎక్కువ.

సాయంత్రం పిండి కొట్టించి, ఘాటు ముక్కుకెక్కి తుమ్ముతూనే కలిపాను. పిల్ల పక్కనే నిలబడి "మరి గోధుమ సంగతేంటి అమ్మమ్మా?" అంటే దానికీ లెక్క చెప్పాను, ఒక్కో గింజలో మూడు జాతుల సరుకు, మొత్తం 42 క్రోమోజోములు అని.

మూడో రోజు జాడీ మూత తీసి తిరగబోసి రుచి చూశాను. ఉప్పు ఒక గ్లాసు తక్కువైంది.