తూకం ఆగింది, స్క్రీన్ ఆగలేదు

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వడ్ల బస్తాలు కాటా ఎక్కుతుంటే నాన్న పక్కన నిలబడి అంకెలు చూస్తూ పెరిగినదాన్ని. అందుకే రైస్ మిల్లుల కాటాలకు టచ్ స్క్రీన్ తయారుచేసే పని మా టీమ్‌కి వచ్చినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ భాగం నేనే అడిగి తీసుకున్నాను. తెర మీద బొమ్మ గీయించే ఆ డ్రైవర్‌కీ, ప్రోగ్రాములన్నిటికీ మెమొరీ పంచే లినక్స్ కెర్నెల్‌కీ మెమొరీ దగ్గర వచ్చిన పేచీ తీర్చడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

పాత మోడల్ బోర్డులో 2 జీబీ ర్యామ్ ఉండేది. ఖర్చు తగ్గించాలని కొత్త మోడల్‌లో 1 జీబీ చేశారు. అప్పుడే కెర్నెల్‌ని కూడా 5.10 నుంచి 6.6కి మార్చాం. గ్రాఫిక్స్ డ్రైవర్ చిప్ తయారీదారు విడిగా ఇచ్చింది, అసలు కెర్నెల్ సోర్సులో లేదు. కాబట్టి మొదట కంపైలే కాలేదు. 6.3 నుంచి వీఎంఏ (ప్రాసెస్ మెమొరీలో ఒక భాగం) ఫ్లాగుల్ని నేరుగా మార్చనివ్వరు, అందుకోసం పెట్టిన ఫంక్షన్ల ద్వారానే మార్చాలి. 6.0 నుంచి ష్రింకర్‌ని (మెమొరీ బిగిసినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్) రిజిస్టర్ చేసేటప్పుడు దానికి పేరు కూడా ఇవ్వాలి. ఇలాంటివన్నీ రోజున్నరలో సర్దేశాను. కంపైలరే పట్టిచ్చే తప్పులతో పెద్ద బాధ లేదు.

మూడో రోజు పొద్దున్నే టెస్టింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, స్క్రీన్ హ్యాంగ్ అయింది. టచ్ పని చేయట్లేదు. పింగ్ మాత్రం వస్తోంది." అంటే నెట్‌వర్క్‌లో బోర్డు జవాబు ఇస్తూనే ఉంది. రీబూట్ చేస్తే మామూలుగానే నడిచింది. మళ్లీ తొమ్మిది పది గంటలకు అదే వరస. స్క్రీన్ ప్రాసెస్‌ని కిల్ చేస్తే చావదు. ప్రాసెస్‌ల లిస్టులో దాని ఎదురుగా డి అనే అక్షరం కనిపిస్తుంది. అంటే కెర్నెల్ లోపల దేనికోసమో ఎదురుచూస్తూ నిద్రపోతోంది, ఏ సిగ్నల్ పంపినా లేవదు. కెర్నెల్ లాగ్‌లో కూడా ఆ టాస్క్ 120 సెకన్లకు పైగా కదలలేదన్న హెచ్చరిక పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి చిన్న చిప్పుల్లో గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ ఉండదు. అందరూ వాడుకునే ర్యామ్ నుంచే డ్రైవర్ పేజీలు, అంటే మెమొరీ ముక్కలు, తెచ్చుకుంటుంది. మా స్క్రీన్ 1280 బై 800, పిక్సెల్‌కి 4 బైట్లు. లెక్క వేస్తే 40,96,000 బైట్లు. పేజీ 4,096 బైట్లు కాబట్టి ఒక తెర బొమ్మకు సరిగ్గా 1,000 పేజీలు. ఆ లెక్క అంత గుండ్రంగా రావడం చూసి నాకు భలే సంతోషమేసింది. తెర బొమ్మను పట్టి ఉంచే అలాంటి మెమొరీ చోట్లు, అంటే బఫర్లు, మూడు. వాటికి తోడు ఫాంట్లు, బొమ్మలు, ఒకసారి గీసి మళ్లీ వాడుకుందామని దాచిపెట్టిన టెక్స్చర్లు. అన్నీ కలిపి 300 ఎంబీ దాటేవి. మెమొరీ బిగిసినప్పుడు కెర్నెల్ రిజిస్టరైన ష్రింకర్లను పిలిచి, వదులుకోగలిగిన పేజీలు ఎన్నున్నాయో చెప్పమంటుంది, తర్వాత వదలమంటుంది. మా డ్రైవర్‌కీ ఒక ష్రింకర్ ఉంది.

సీరియల్ కన్సోల్ తగిలించి, హ్యాంగ్ అయ్యేదాకా కూర్చుని, మ్యాజిక్ కీతో (హ్యాంగ్ అయినా కెర్నెల్ వినే కీ) ఆగిపోయిన టాస్కుల స్టాక్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా, తీశాను. ట్రేస్‌ని కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగున స్క్రీన్ ప్రోగ్రామ్ చేసిన ఐఓసీటీఎల్ కాల్ (డ్రైవర్‌కి పని చెప్పే పిలుపు). దాని పైన మా డ్రైవర్‌లో కొత్త బఫర్ తయారుచేసే ఫంక్షన్. అది డ్రైవర్ లాక్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగలిగే తాళం) పట్టుకున్నాక పేజీలు అడుగుతోంది. ఖాళీ పేజీలు లేవు. కాబట్టి అడిగిన థ్రెడ్‌నే మెమొరీ ఖాళీ చేసే పనికి పంపింది కెర్నెల్. ఆ పనిలో ష్రింకర్ల వంతు వచ్చింది. అన్నిటికన్నా పైన మళ్లీ మా డ్రైవర్ పేరే: మా ష్రింకర్ అదే లాక్ కోసం ఎదురుచూస్తోంది. లోపల గడియ పెట్టుకున్నదీ తానే, బయట నిలబడి తలుపు తట్టేదీ తానే.

పాత బోర్డులో ఇది బయటపడలేదు. కోడ్‌లో తప్పు అప్పుడూ ఉంది. కానీ 2 జీబీ ఉన్నప్పుడు ఖాళీ చేసే పని దాదాపు ఎప్పుడూ కేస్వాప్‌డీ అనే వేరే థ్రెడ్డే చేసేది. అది లాక్ కోసం కాసేపు ఆగేది, లాక్ పట్టుకున్నవాళ్లు వదిలాక ముందుకు పోయేది. అడిగిన థ్రెడ్డే ఖాళీ చేయడానికి దిగాల్సి వస్తే తప్ప ఈ ముడి పడదు. 1 జీబీలో ఆ అవసరం రోజూ వచ్చింది.

నేను మొదట చేసిన సవరణ ఒక్క లైను. ష్రింకర్‌లో లాక్ కోసం ఎదురుచూడకుండా, దొరికితే తీసుకోవడం, లేదంటే వెనక్కి వెళ్లిపోవడం. హ్యాంగ్ పోయింది. వెనక మెమొరీ మింగే ఒక చిన్న ప్రోగ్రామ్ నడిపి, పది గంటల టెస్టుని నాలుగు నిమిషాలకు కుదించి మరీ చూశాను. రాత్రంతా స్క్రీన్ ఆడుతూనే ఉంది.

పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి కాటా మీద పెట్టిన 20 కిలోల రాళ్లు కుర్రాడు తీసేసి ఉన్నాడు. స్క్రీన్ మీద మాత్రం 20.00 అనే ఉంది. మూలన గడియారం సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి, బటన్ నొక్కితే రంగు మారుతోంది, అంకె మాత్రం కదలదు. ఒళ్లు చల్లబడింది. స్క్రీన్ హ్యాంగ్ అయితే కాటా దగ్గర మనిషి తూకం ఆపేస్తాడు. అన్నీ కదులుతూ బరువు ఒక్కటే పాతదై ఉంటే దాన్నే రాసుకుంటాడు. ఆ రాసుకున్న అంకె రైతు డబ్బు.

లాగ్ చూస్తే, తూకం చదివే ప్రాసెస్‌ని కెర్నెల్ ఓఓఎం కిల్లర్ (మెమొరీ పూర్తిగా అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని ఆపేసేది) చంపేసింది. దాన్ని మళ్లీ లేపే ఏర్పాటు అప్పటికి మేం పెట్టలేదు. ఎందుకు చంపిందంటే, మా డ్రైవర్ పేజీలు అడిగే ప్రతిసారీ లాక్ దాని చేతిలోనే ఉంటుంది. కాబట్టి మా ష్రింకర్ సరిగ్గా అవసరం పడ్డప్పుడే ఉత్త చేతులతో వెనక్కి వస్తుంది. 300 ఎంబీ అలాగే ఉండిపోతుంది. ఇక ఎవరినో ఒకరిని చంపాలి. ఎవరు ఎంత వాడుతున్నారో చూసే ఆ లెక్కలో గ్రాఫిక్స్ బఫర్లు రావు. స్క్రీన్ ప్రోగ్రామ్ పేరు మీద 38 ఎంబీ ఉంది, తూకం చదివే పైథాన్ ప్రోగ్రామ్ పేరు మీద 60 ఎంబీ. తిన్నది ఒకరైతే దెబ్బ ఇంకొకరికి.

లాక్ పట్టుకున్నప్పుడు, ఖాళీ చేసే పనికి పంపొద్దని చెప్పే ఫ్లాగుతో పేజీలు అడగమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు నచ్చలేదు. 1 జీబీ బోర్డులో అలా అడిగితే సగం సార్లు పేజీలే దొరకవు. అసలు తప్పు లాక్ పట్టుకుని అడగడంలో ఉంది. కాబట్టి వరసే మార్చాను. ముందు పేజీలు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే లాక్. డివైస్ మొత్తానికి ఉన్న ఒకే లాక్‌ని తీసేసి ఒక్కో బఫర్‌కి ఒక్కో లాక్ పెట్టాను. ఇప్పుడు ష్రింకర్ లిస్టులోంచి బఫర్లను ఒక్కొక్కటే తీసి, లాక్ దొరికినవాటిని ఖాళీ చేస్తుంది, దొరకనివాటిని వదిలేసి పక్కదానికి పోతుంది. దాచిపెట్టిన టెక్స్చర్లను "అవసరమైతే తీసేసుకో" అని డ్రైవర్‌కి చెప్పేలా స్క్రీన్ ప్రోగ్రామ్‌నీ మార్చాం. ఈ పనికే మూడు వారాలు పట్టింది. ఒకే లాక్ అన్నది మా డ్రైవర్ ఒక్కదాని జబ్బు కాదు. జెమ్ (గ్రాఫిక్స్ బఫర్లను చూసుకునే కెర్నెల్ భాగం) 2008 డిసెంబర్‌లో కెర్నెల్ 2.6.28తో వచ్చినప్పుడు ఇంటెల్ ఐ915 డ్రైవర్ కూడా డివైస్ మొత్తానికి ఒక్క లాక్‌తోనే నడిచేది. దాన్ని విడదీయడానికి వాళ్లకు ఏళ్లు పట్టింది.

ఇంకోసారి ఎవరైనా ఆ వరస తప్పితే ఎలా తెలుస్తుంది? దానికి లాక్‌డెప్ ఉంది, 2006 నుంచి కెర్నెల్‌లోనే. లాకులు పట్టుకునే వరస గుర్తుపెట్టుకుని, ఎదురు వరస కనబడితే అరుస్తుంది. కానీ తన కళ్ల ముందు జరిగిన వరసలే దానికి తెలుస్తాయి, మెమొరీ బిగిసే దాకా మా ష్రింకర్ దారి దానికి కనబడదు. అందుకని డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడే, మెమొరీ ఖాళీ చేస్తున్నట్టు లాక్‌డెప్‌కి చెప్పి, బఫర్ లాక్‌ని ఒకసారి పట్టుకుని వదిలేసే నాలుగు లైన్లు రాశాను. ఐ915లో ఇదే పని చేసే ఫంక్షన్ ఉంది, దాన్ని చూసే నేర్చుకున్నాను. ఇప్పుడు లాక్ పట్టుకుని పేజీలు అడిగే కోడ్ ఎవరు రాసినా, అది మొదటిసారి నడిచినప్పుడే లాగ్‌లో ఎర్ర జెండా. 4 జీబీ మెషీన్‌లో అయినా సరే.

తూకం చదివే ప్రాసెస్‌కి ఓఓఎం స్కోరు సర్దుబాటు మైనస్ 1000 పెట్టాం, దాని జోలికి కిల్లర్ రాదు. అదే ఏ కారణంతో ఆగినా మళ్లీ లేపే ఏర్పాటు కూడా చేశాం. ఇంకో మార్పు నేను పట్టుబట్టి చేయించాను. కాటా నుంచి వచ్చిన రీడింగ్ రెండు సెకన్ల కన్నా పాతదైతే స్క్రీన్ మీద అంకె ఉండకూడదు, దాని చోట నాలుగు గీతలు కనబడాలి. డిజైన్ వాళ్లు అది బాగోదన్నారు. ఆ రోజు 20.00 చూసిన కుర్రాడే మీటింగ్‌లో లేచి, రాళ్లు తీసేశాక కూడా ఆ అంకె ఎలా నిలబడిపోయిందో వాళ్లకు చెప్పాడు.

బోర్డు నా టేబుల్ మీద మెమొరీ మింగే ప్రోగ్రామ్‌తో సహా 26 రోజులుగా నడుస్తోంది. రోజూ పొద్దున వచ్చి కాటా మీద రాళ్లు పెట్టి తీస్తాను. 20.00, తర్వాత 0.00.