ఒక్క ఆదేశంతో ముగిసే కథ

విజయనగరం గంటస్తంభం దగ్గర మా కిరాణా దుకాణం కట్టేసి ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. ఈ మధ్య మూడు రాత్రులు, భోజనాలయ్యాక, శామ్ బార్లో 1999లో విడుదల చేసిన ‘ఐల్’ అనే కంప్యూటర్ ఆటతో గడిపాను. ఇందులో బొమ్మలు లేవు. తెరమీద కొన్ని వాక్యాలు కనిపిస్తాయి, వాటి కింద మనం ఇంగ్లీషులో ఒక ఆదేశం టైపు చేయాలి. గుహల్లో తిరిగే 1976 నాటి ‘అడ్వెంచర్’ అనే ఆట మొదలుకొని ఈ కోవలోని కథల్లో దారులు వెతుకుతూ, చిక్కులు విప్పుతూ వందల ఆదేశాలు ఇచ్చుకుంటూ పోవడం ఆనవాయితీ కాగా, ఇక్కడ మాత్రం మనకు దక్కేది ఒక్కటే. ఆ ఒక్క పనితో కథ ముగిసి, మళ్లీ మొదటి క్షణంలోనే నిలబడతాం.

ఆ క్షణం చాలా చిన్నది. గురువారం రాత్రి, పనిచేసి అలసిన ఒక మనిషి సూపర్‌మార్కెట్‌లో బండి తోసుకుంటూ వచ్చి, న్యోకి అనే ఇటలీ తినుబండారం పొట్లాల ముందు ఆగుతాడు. కొద్ది దూరంలో ఒక స్త్రీ. పొట్లం అందుకుంటే ఒక కథ, ఆమెతో మాట్లాడితే వేరొకటి. రోమ్ ప్రయాణం, క్లేర్ అనే పేరు పదేపదే ఎదురవుతాయి గానీ, ఒక ముగింపు చెప్పినదాన్ని మరొకటి కాదంటుంది.

అప్పుల పుస్తకం వెనక పేజీల్లో నేను ఆ ముగింపులన్నీ రాసుకుని, ఏది ముందు జరిగింది, ఏది తరువాత అని బాణం గుర్తులు గీశాను. రెండో రాత్రికే లెక్క కుదరలేదు. పక్కన కూర్చుని వింటున్న అమ్మ, “అదేట్రా, ఇందాక పోయిందన్న పిల్ల మళ్లీ బతికుందంటావు? ఆడూ ఈడూ ఒకడు కాదేమో” అంది. నిజానికి ఈ కథలన్నీ ఒకే మనిషివి కావని ఆట మొదట్లోనే హెచ్చరిస్తుంది. దాన్ని చదివి కూడా నేను పట్టించుకోలేదు. బాణాలు కొట్టేశాకనే ఒక్కొక్క ముగింపును దానికదిగా, నిండు మనసుతో చదవగలిగాను. కథ ముక్కలైపోయిందన్న బాధ పోయి, ఒకే చోట ఇంతమంది నిలబడి ఉన్నారన్న ఆశ్చర్యం కలిగింది.

ఆదేశం ముందు తెలుగులోనే తోచేది. మన ‘పలకరించు’కు సరితూగే ఇంగ్లీషు మాట దొరకక, ‘అడుగు’, ‘చెప్పు’ అనే అర్థాలున్న మాటలను విడివిడిగా ఇచ్చి చూశాను. పలకరింపులో ఉన్న చనువు ఆ రెండింటిలోనూ లేదు. తెలుగులో ఇటువంటి ఆట రాసేవారికి మన క్రియలే పెద్ద పెట్టుబడి అవుతాయని నా నమ్మకం.

నిన్న సాయంత్రం మా దుకాణంలో ఒక పెద్దాయన అటుకుల డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డారు. “ఏటి కావాలి బాబూ” అనబోయి, ఎందుకో ఊరుకున్నాను. ఆయన ఏమీ కొనకుండానే వెళ్లిపోయారు. రాత్రి ఆట తెరిచి, ‘ఆగు’ అన్న ఆదేశం ఇచ్చాను.