సవర బొమ్మ ఎవరేశారండీ?

లండన్‌లో అక్టోబర్ గ్యాలరీ అని ఒకటుంది, 1979లో పెట్టారు. యూరప్, అమెరికా ఆర్టిస్టుల వెనకాలే పడకుండా ఆఫ్రికా, ఆసియా, కరీబియన్ వైపు వాళ్ళని తెచ్చి చూపించడమే వాళ్ళ పని. ఈమధ్య రాత్రిళ్ళు వాళ్ళ ఆర్టిస్టుల వీడియోలు చూస్తూ కూర్చుంటన్నాను, నిద్ర చెడింది గానీ బావున్నాది.

ఎల్ అనాట్సుయ్ అని ఘనాలో పుట్టి నైజీరియాలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన పెద్దాయన ఉన్నారు. ఆయన సరుకు ఏటనుకున్నారు, మందు సీసాల మూతలు! వాటిని నొక్కి చదును చేసి, కొన్నిటిని మడిచి, అంచులకి చిల్లులు పెట్టి రాగి తీగతో ఒకదానికొకటి కట్టుకుంటూ పోతే గోడంత గుడ్డ అవుద్ది, దూరం నుంచి చూస్తే జరీ చీర ఆరేసినట్టే ఉంటాది. దానికి ఫలానా షేపు అని ఏం లేదు, ఎక్కడ తగిలిస్తే అక్కడ మడతలు మారిపోతాయి. 2015లో వెనిస్ బియెనాలే అనే పెద్ద ఆర్ట్ షోలో గోల్డెన్ లయన్ అవార్డు ఇచ్చారు. (మూతలకి కరువైతే మన బ్రాందీ షాపుల వెనక్కి రమ్మనండి.) ఆఫ్రికాలోనే బెనిన్ దేశం నుంచి రోముఆల్డ్ హజూమే అయితే పాత పెట్రోలు క్యాన్లతో మాస్కులు చేస్తాడు, క్యాన్ పిడి ముక్కు, మూత తీసిన చోటు నోరు, ఒకసారి చూస్తే మళ్ళీ క్యాన్ క్యాన్‌లా కనపడదు.

మొన్న శ్రీకాకుళంలో ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో సవర బొమ్మ, అంటే మన కొండల్లో సవర గిరిజనులు వేసే బొమ్మ చూసాను. అసలైతే ఇవి ఇంటి లోపల ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు, చనిపోయిన పెద్దల కోసం. ఇప్పుడు బట్ట మీద కూడా వేస్తన్నారు. వరసగా చేతులు పట్టుకున్న మనుషులు, గుర్రం మీద ఒకడు, పైన సూర్యుడు, చివరాఖరి మనిషికి చోటు చాలక కాళ్ళు పొట్టిగా వచ్చీసినాయి, నాకు ఆ పొట్టి కాళ్ళే తెగ నచ్చాయి. ‘ఎవరేశారమ్మా ఇది’ అనడిగితే అమ్మే అమ్మాయి ‘ట్రైబల్సండి’ అంది. వెనక్కి తిప్పి చూస్తే రేటు స్టిక్కరు ఒక్కటే ఉంది.

నా బాధ అదే. అనాట్సుయ్ పక్కన ‘ఆఫ్రికన్స్’ అని రాసి వదిలీలేదు కదా. మన దేశంలోనే మధ్యప్రదేశ్ గోండు కుర్రాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ని 1980ల్లో భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం వాళ్ళు, అంటే చిత్రకారుడు స్వామినాథన్ గారి టీము, ఊర్లో గోడ బొమ్మలు చూసి పట్టుకొచ్చారు. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే పెద్ద ఆర్ట్ మ్యూజియం పెట్టిన షోలో ఆయన పనీ ఉంది. ఇప్పుడా పద్ధతినే జన్‌గఢ్ కలం అంటారు. సవరోళ్ళుండే సీతంపేట కొండల్లో అలాంటోళ్ళు లేరంటే నానైతే నమ్మను (సీతంపేట 2022లో మన్యం జిల్లాలోకి పోయింది గానీ మాకింకా సిక్కోలే).

వాళ్ళ బొమ్మలు పేరు పెట్టి చూపించడానికి కోట్లేం అక్కర్లేదు. ఒక ఖాళీ గది, సున్నం వేసిన గోడలు, నాలుగు లైట్లు, బొమ్మ పక్కన వేసినోళ్ళ పేరూ ఊరూ రాసిన చీటీ, అమ్మితే డబ్బులు నేరుగా వాళ్ళకే. ఊర్లో ఎవరైనా గది ఇస్తానంటే చెప్పండి, లైట్లు బిగించడానికి నానొచ్చీస్తాను.