షుగర్, గుండె, వంశం: పరీక్షలు చేయించుకున్న నా అనుభవం

నాకు టైప్ 2 షుగర్. మా నాన్నగారికి 55 ఏళ్లలోపే గుండెపోటు వచ్చింది. వంశం నుంచి నాకెంత ముప్పు వచ్చిందో తేల్చుకోవాలనుకున్నాను. ఆన్‌లైన్‌లో అమ్మే జన్యు పరీక్షల ప్యాకేజీ జోలికి పోలేదు. వాటి ఫలితాల్లో చాలావాటితో వాడే మందు మారదు. డాక్టరుగారు రాసినవి రెండు మామూలు రక్తపరీక్షలు.

మొదటిది లైపోప్రోటీన్-ఎ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం రేణువు. ఇది ఎక్కువైతే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఇది ఎంత ఉండాలో ప్రధానంగా 6వ క్రోమోజోమ్ మీది ఎల్‌పీఏ జన్యువే నిర్ణయిస్తుంది. పథ్యం, నడక దీన్ని పెద్దగా తగ్గించవు. చాలామందికి జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, పరగడుపున వెళ్లక్కర్లేదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు, లేదా లీటరుకు 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ కింద లెక్క. ల్యాబును బట్టి యూనిట్ మారుతుంది. ఈ రేణువు సైజు అందరిలో ఒకేలా ఉండదు కనుక ఒక అంకెను ఇంకోదానిలోకి కచ్చితంగా మార్చలేం. 60 అని ఉంటే మిల్లీగ్రాముల్లో ఎక్కువ, నానోమోల్స్‌లో కాదు. అంకె పక్కన ఏముందో తప్పకుండా చూడండి.

రెండోది హెచ్‌ఎస్-సీఆర్‌పీ, అంటే ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను సున్నితంగా కొలిచే పరీక్ష. చీటీలో ఉత్త 'సీఆర్‌పీ' అని ఉంటే జ్వరాలకు చేసే మామూలు పరీక్ష చేసేస్తారు. అది చిన్న తేడాలను పట్టుకోలేదు. మనకు కావలసింది లీటరుకు 1, 3 మిల్లీగ్రాముల దగ్గరి తేడా. 1 లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ. జలుబు, చిగుళ్ల వాపు, కాలి పుండు ఏది ఉన్నా అంకె పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు చివరి రెండూ మామూలే. అందుకే చిగుళ్లు నయమయ్యాకే వెళ్లి, రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఇచ్చాను. 10 దాటితే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ చేయించాలి.

సీఆర్‌పీ పొగ లాంటిది, వాపు అనే నిప్పు వేరేచోట ఉంటుంది. పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉండే జన్యు రకం ఉన్నవాళ్లకు ఆ కారణంగా గుండెజబ్బు పెరగలేదు. వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు మాత్రం గుండెజబ్బు తక్కువని 2012లో తేలింది. 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్‌లో వాపును తగ్గించే కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) కదపకుండానే గుండెపోట్లను తగ్గించింది, కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరిగాయి. అసలే ఇన్‌ఫెక్షన్లకు లోకువైన షుగర్ ఒంటికి అది చిన్న విషయం కాదు.

నా సీఆర్‌పీ 2 దగ్గరే ఉంది, లైపోప్రోటీన్-ఎ ఎక్కువ వచ్చింది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్ర దాన్ని తగ్గించదు. అందుకని మిగతా ముప్పును బిగించారు: ఎల్‌డీఎల్ లక్ష్యం డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల నుంచి 55కి దించి, స్టాటిన్‌కు తోడు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు 10 మిల్లీగ్రాములు చేర్చారు, బీపీ మందు సరిచేశారు. లైపోప్రోటీన్ తగ్గలేదని స్టాటిన్ మానేసేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి, అది పనిచేసేది ఎల్‌డీఎల్ మీద. లైపోప్రోటీన్-ఎ ఎక్కువుండటం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కనుక మా తమ్ముడికీ, ఇద్దరు పిల్లలకూ ఆ పరీక్ష రాయించాను.