పొట్టకి ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేంటి?

పిల్లల సర్జరీ వార్డులో నర్సుని. అపెండిక్స్ తీసిన మర్నాడు తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "సిస్టర్, కోసింది పొట్ట మీద కదా, వీడేంటి భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు? థియేటర్లో చెయ్యిగానీ బెణికిందా?"

ఏమీ బెణకలేదు. అపెండిక్స్‌ని ల్యాప్రోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా, పరికరాలు లోపలికి పంపి తీస్తారు. వాటికి లోపల చోటు కావాలి కాబట్టి పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. ఆ గ్యాస్ వల్ల పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రం రేగుతుంది. డయాఫ్రానికీ భుజానికీ వెళ్ళే నరాలు మెడలో ఒకే చోట మొదలవుతాయి. అందుకని పిల్లాడికి భుజమే నొప్పెడుతున్నట్టు ఉంటుంది. ఒకట్రెండు రోజుల్లో గ్యాస్ ఒంట్లోనే ఇంకిపోయి నొప్పి తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ తల్లి రాత్రంతా భయపడుతూ కూర్చునేది కాదు. అందుకే థియేటర్‌కి తీసుకెళ్ళక ముందే చెప్పేస్తాను.

ఈ పద్ధతిలో మొదటిసారి అపెండిక్స్ తీసినాయన కుర్ట్ జెమ్, జర్మనీలో 1980లో. ఆయన గైనకాలజిస్టు. అప్పట్లో సర్జన్లు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇప్పుడు పిల్లలకి మామూలుగా చేసేది ఇదే. పెద్ద కోతతో పోలిస్తే కుట్ల దగ్గర చీము పట్టడం తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు.

బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు గాట్లు చూసి "చిన్న ఆపరేషనేగా" అంటారు. అలా అంటే నాకు మనసొప్పదు. లోపల అపెండిక్స్ పగిలిందా లేదా అన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది. పగలకపోతే చాలామంది మర్నాడే ఇంటికెళ్తారు. పగిలితే గాట్లు అవే, కానీ నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించుకుంటూ రోజుల తరబడి ఉండాలి.

పగిలి వచ్చేది ఎక్కువగా బాగా చిన్నపిల్లలే. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందని పెద్దపిల్లలైతే చెప్తారు. మూడేళ్ళ వాడు ముడుచుకుని పడుకుంటాడు, వాంతి చేసుకుంటాడు, అంతే. కాస్త మాట వినే వయసైతే "ఒక్కసారి ఎగురు నాన్నా" అంటాను. ఎగరబోయి, పొట్ట పట్టుకుని అక్కడే వంగిపోయే పిల్లల్ని చూశాను. అప్పుడిక డాక్టర్‌గారిని పిలవడంలో ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యను.

పగిలిన పిల్లల్ని డిశ్చార్జ్ చేసేటప్పుడు కాగితం చేతిలో పెట్టి ఊరుకోను, పక్కన కూర్చుని చెప్తాను. వారం తర్వాతైనా సరే మళ్ళీ జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరిగినా, వాంతులైనా లోపల చీముగడ్డ కట్టి ఉండొచ్చు. పైన గాట్లు చక్కగా మానాయి కదా అని ఆగొద్దు, అదే రోజు తీసుకురండి.